నలభై దాటాక, ఇన్ని పళ్ల బాధల తర్వాత అలైనర్లు: ముందు ఏది, తర్వాత ఏది

మీ ప్రశ్నంతా చదివి ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. "ఇన్నేళ్లు నోటిని పట్టించుకోకుండా ఇప్పుడు పళ్లు వరసగా కావాలనుకోవడం అత్యాశేమో" అని రాశారు. ముందు దానికే జవాబు చెప్తాను. అత్యాశ కాదు. వంకర పళ్ల వైద్యంలో పద్దెనిమిదేళ్లుగా పనిచేస్తున్నాను. నా దగ్గరికి వచ్చే పెద్దవాళ్లలో చాలామంది నోళ్లు మీ నోటిలాగే ఉంటాయి. పుచ్చులు, రూట్ కెనాళ్లు, తీసేసిన పళ్లు, మధ్యలో భయంతో డాక్టరు గడప తొక్కని సంవత్సరాలు. వాళ్లు ఈ మాట అనేటప్పుడు తల దించుకుంటారు. దించుకోవాల్సిన పని లేదు. భయపడి దూరంగా ఉన్న మనిషి తిరిగి వచ్చి కుర్చీలో కూర్చోవడమే చాలా పెద్ద పని.

మీరు చెప్పినదాన్ని నాకు అర్థమైనట్టు ఒకసారి చెప్తాను. వయసు 43. పై దవడలో రెండు పళ్లకు రూట్ కెనాల్ చేసి క్యాప్‌లు వేశారు. కింద కుడివైపు మొదటి దవడపన్ను తీసేసి 9 ఏళ్లయింది, ఆ చోటు ఖాళీగానే ఉంది. బ్రష్ చేస్తే నెత్తురు వస్తుంది. కింది ముందు పళ్లు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. పై ముందు పళ్ల మధ్య మాత్రం ఈ మూడు నాలుగేళ్లలోనే సందు వచ్చింది. ఒక క్లినిక్‌లో నోరు స్కాన్ చేసి, కంప్యూటర్లో పళ్లు చక్కబడే బొమ్మ చూపించి, పళ్లకు తొడిగి వాటిని కొద్దికొద్దిగా జరిపే పారదర్శకమైన ప్లాస్టిక్ ట్రేలు, అంటే అలైనర్లు, వచ్చే వారం మొదలుపెడదామన్నారు. మొదలుపెట్టాలా అని మీ సందేహం.

అలైనర్లు పెట్టుకోవచ్చు. వచ్చే వారం మాత్రం వద్దు.

ఎందుకో తెలియాలంటే పన్ను ఎలా కదులుతుందో కాస్త తెలియాలి. పన్ను ఎముకలో మేకు దిగినట్టు దిగి ఉండదు. వేరుకూ ఎముకకూ మధ్య సన్నని నార పొర ఒకటి ఉంటుంది, మందం సుమారు 0.2 మిల్లీమీటర్లు. అలైనర్ పంటిని ఒక పక్కకు నెట్టినప్పుడు ఆ పక్క పొర నలుగుతుంది, అక్కడికి ఎముకను కరిగించే కణాలు చేరతాయి. రెండో పక్క పొర సాగుతుంది, అక్కడ ఎముకను కట్టే కణాలు పనిచేస్తాయి. ఒక పక్క కరుగుతూ ఇంకో పక్క కడుతూ పోతేనే పన్ను జరుగుతుంది. ఒక్కో అలైనర్ పంటిని నెట్టేది మహా అయితే 0.25 మిల్లీమీటర్లు. అందుకే వారానికో రెండు వారాలకో ఒకటి చొప్పున మారుస్తూ పదుల సంఖ్యలో వేసుకోవాల్సి వస్తుంది.

ఈ కరిగే, కట్టే పని నలభైలోనూ జరుగుతుంది, అరవైలోనూ జరుగుతుంది. పెద్దవయసులో మొదలవడం కొంచెం నెమ్మది, అంతే. మీకు నచ్చవచ్చని ఒక సంగతి చెప్తాను. 1997లో అలైన్ టెక్నాలజీ అనే కంపెనీ పెట్టి ఇన్విజలైన్ అనే అలైనర్లను తెచ్చినవాళ్లలో ఒకరు పెద్దయ్యాక క్లిప్పులు పెట్టించుకున్నవారే. తర్వాత పళ్లు వెనక్కి జారకుండా పెట్టుకోవడానికి ఇచ్చిన రిటైనర్ పళ్లను కాస్త జరుపుతోందని గమనించడం దగ్గర ఆ ఆలోచన పుట్టింది. కాబట్టి వయసు గురించి బెంగ పెట్టుకోకండి.

బెంగ పడాల్సింది నెత్తురు గురించి. చిగుళ్లలో వాపు ఉన్నప్పుడు ఎముక అప్పటికే లోపల నుంచి తరుగుతూ ఉండవచ్చు. అలాంటి పంటిని నెడితే కరిగే పని పెరుగుతుంది, కట్టే పని వెనకబడుతుంది. పళ్లు వరసలోకి వచ్చినట్టే కనిపిస్తాయి, కానీ ఊగుతాయి. వృత్తిలోకి వచ్చిన కొత్తలో ఒకావిడ కూతురి పెళ్లిలోగా పళ్లు చక్కబడాలని తొందరపెడితే, చిగుళ్లు పూర్తిగా మానకముందే నేను మొదలుపెట్టాను. ఆరు నెలలకు రెండు కింది పళ్ల దగ్గర చిగురు దిగిపోయింది. వైద్యం ఆపి చిగుళ్లకు చికిత్స చేయించాం. పళ్లు నిలిచాయి గానీ దిగిన చిగురు పూర్తిగా వెనక్కి రాలేదు. అప్పటి నుంచి చిగుళ్ల లెక్క చూడకుండా ఎవరి నోటికీ అచ్చు తీసుకోలేదు.

మీ కేసులో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది పై ముందు పళ్ల మధ్య కొత్తగా వచ్చిన సందు. చిన్నప్పటి నుంచి ఉన్న సందు వేరు, నలభైలో కొత్తగా విచ్చుకున్న సందు వేరు. పట్టు తగ్గిన పన్నే అలా ముందుకు జారుతుంది. చిగుళ్ల జబ్బుతో ఎముక తగ్గి ఉండవచ్చు. వెనక దవడపన్ను లేక నమిలే బరువు ముందు పళ్ల మీద పడి ఉండవచ్చు. మీకు రెండూ కలిసి ఉన్నాయేమోనని నా అనుమానం. స్కాన్‌లో ఇది కనపడదు. స్కానర్ చూసేది పంటి పైభాగాన్నీ చిగురు ఉపరితలాన్నీ మాత్రమే. వేరు ఎంత పొడవుందో, దాని చుట్టూ ఎముక ఎంత మిగిలిందో ఎక్స్‌రే చెప్పాలి. చిగురు పంటిని ఎంత గట్టిగా పట్టుకుందో సన్నని కొలత పుల్లతో చూడాలి.

ఆ పరీక్షను అడిగి చేయించుకోండి. ఒక్కో పంటి చుట్టూ ఆరు చోట్ల చిగురు లోతు కొలిచి చార్టు రాస్తారు. 1 నుంచి 3 మిల్లీమీటర్లు ఉంటే మామూలు. 4, అంతకన్నా ఎక్కువ వస్తూ కొలిచినప్పుడు నెత్తురు కారితే అక్కడ జబ్బు నడుస్తున్నట్టు. అప్పుడు గార తీయడంతో సరిపోదు. చిగురు లోపల వేరు మీద పేరుకున్నదాన్ని కూడా శుభ్రం చేయాలి. మత్తిచ్చి చేస్తారు, నొప్పి ఉండదు. ఆ తర్వాత ఇంట్లో మీరు పళ్ల సందుల్లో తిప్పే చిన్న బ్రష్‌తో రోజూ శుభ్రం చేసుకుంటూ ఉంటే, రెండు మూడు నెలలకు మళ్లీ కొలుస్తారు. లోతులు తగ్గి, నెత్తురు ఆగితే అప్పుడు అలైనర్ల మాట. మొత్తం మీద నాలుగు నుంచి ఆరు నెలలు పోతాయనుకోండి. ఆ నెలలు వృథా కావు. కొందరికి వాపు తగ్గగానే ముందు పళ్ల సందు కొంత దానంతటదే మూసుకుంటుంది, ఇది నేను చాలాసార్లు చూశాను.

ఒకవేళ ఎముక ఇప్పటికే కొంత తగ్గిందని తేలినా నిరుత్సాహపడకండి. తగ్గిన ఎముక వేరు, జబ్బుతో ఉన్న ఎముక వేరు. జబ్బు ఆగిపోయి ఉంటే తగ్గిన ఎముకలోనూ పళ్లను కదపవచ్చు. బలం తక్కువ పెట్టాలి, ట్రేలు నెమ్మదిగా మార్చాలి. వైద్యం నడిచినన్నాళ్లూ మూడు నాలుగు నెలలకోసారి చిగుళ్ల డాక్టరు క్లీనింగ్ చేస్తుండాలి. వరస పళ్లు శుభ్రం చేసుకోవడం తేలిక కాబట్టి, తర్వాత చిగుళ్లకూ అది మేలే.

ఇక రూట్ కెనాల్ చేసిన పళ్లు. వీటి గురించి చాలామంది భయపడతారు గానీ అవి మామూలు పళ్లలాగే కదులుతాయి. రూట్ కెనాల్‌లో తీసేది పంటి లోపలి నరాన్ని. పంటిని కదిపేది వేరు బయట ఉన్న నార పొర, అది బతికే ఉంటుంది. చూసుకోవాల్సింది వేరు కొన దగ్గర చీము గూడు, పాత ఇన్‌ఫెక్షన్ లేకపోవడం. మొదలుపెట్టే ముందు ఆ రెండు పళ్లకూ విడిగా చిన్న ఎక్స్‌రేలు తీయించండి.

క్యాప్‌ల సంగతి కాస్త చిక్కు. అలైనర్ పంటిని పట్టుకోవడానికి కొన్ని పళ్ల మీద పంటి రంగు సిమెంటుతో చిన్న బొడిపెలు అతికిస్తారు, వాటిని అటాచ్‌మెంట్లు అంటారు. సహజమైన పంటి మీద అవి బాగా అంటుకుంటాయి. క్యాప్ మీద అంత గట్టిగా నిలవవు. పింగాణీ క్యాప్‌ను ప్రత్యేకమైన ఆసిడ్‌తో గరుకు చేసి అతికించాలి, తీసేశాక మెరుపు తగ్గవచ్చు. అందుకే మీ క్యాప్‌లు పాతబడి, ఎలాగూ మార్చాల్సినవైతే ఇప్పుడు కొత్తవి వేయించకండి. అలైనర్లు నడిచినన్నాళ్లూ తాత్కాలిక క్యాప్‌లు ఉంచి, పళ్లు చివరి చోటికి చేరాక అసలైనవి వేయించుకోండి. ఇప్పుడే ఖరీదైన క్యాప్‌లు వేయించుకుని, పళ్లు జరిగాక అవి ఎదుటి పళ్లకు సరిగా తగలక మళ్లీ మార్పించుకున్నవాళ్లను చూశాను. ఆ డబ్బు పోవడం చూస్తే నాకు బాధేస్తుంది.

తీసేసిన దవడపన్ను దగ్గర కూడా క్రమమే ముఖ్యం. ఇంప్లాంట్, అంటే ఎముకలో బిగించే కృత్రిమ పంటి వేరు, పెట్టించుకుని ఆ తర్వాత అలైనర్లు వేసుకుందామని ఎవరైనా సలహా ఇస్తే ఒప్పుకోకండి. ఇంప్లాంట్ చుట్టూ నార పొర ఉండదు, అది నేరుగా ఎముకకే అతుక్కుంటుంది, కాబట్టి ఒకసారి పెట్టాక అంగుళంలో వెయ్యో వంతు కూడా జరగదు. దాని చోటు చివర్లో తేలాలి. తొమ్మిదేళ్ల ఖాళీ కాబట్టి వెనక పన్ను ముందుకు ఒరిగి ఉంటుంది, ఎదురుగా ఉన్న పై పన్ను కిందికి దిగి ఉంటుంది, ఖాళీలో ఎముక సన్నబడి ఉంటుంది. ఒరిగిన పంటిని నిటారుగా చేసి, ఇంప్లాంట్‌కు చోటు చూసుకుని, చివరి ట్రేలు నడుస్తుండగా ఇంప్లాంట్ వేయించడం ఒక దారి. అది ఎముకతో అతుక్కోవడానికి పట్టే మూడు నుంచి ఆరు నెలలు అలా కలిసొస్తాయి. వెనక పంటిని లాక్కొచ్చి ఖాళీనే మూసేద్దామనుకుంటే, దవడపంటిని వేరుతో సహా అంత దూరం నిటారుగా జరపడం అలైనర్లకు చేతకాని పనుల్లో ఒకటి. తీగ క్లిప్పులు గానీ, ఎముకలో పెట్టే చిన్న స్క్రూలు గానీ కావాలి. కిందికి దిగిన పై పంటిని వెనక్కి ఎక్కించడానికీ తరచూ ఆ స్క్రూ సాయం తీసుకుంటాం. పేరు వింటే భయంగా ఉంటుంది గానీ పెట్టడం కొద్ది నిమిషాల పని.

కంప్యూటర్ బొమ్మ గురించి ఒక మాట. అది మీ పళ్లు ఎక్కడికి వెళ్లాలని డాక్టరు అనుకుంటున్నారో చూపిస్తుంది. అక్కడికే వెళ్తాయని అర్థం కాదు. అనుకున్న కదలికలో నిజంగా జరిగినది ఎంత అని కొలిచిన ఒక ప్రసిద్ధ పరిశోధనలో 2009లో సగటు 41 శాతం వచ్చింది, 2020లో మళ్లీ కొలిస్తే 50 శాతం. మొదటి సెట్టుతో అంతా అయిపోదని దీనర్థం. మధ్యలో మళ్లీ స్కాన్ చేసి అదనపు ట్రేలు చేయించడం మామూలే. ముఖ్యంగా కోరపళ్లు, వాటి వెనక చిన్న పళ్లు గుండ్రంగా ఉంటాయి కాబట్టి వాటిని తిప్పడం కష్టం. అందుకే డబ్బు కట్టే ముందు అదనపు ట్రేలు ఆ మొత్తంలోనే ఉన్నాయా, ఎన్నిసార్లు ఇస్తారు అని రాతపూర్వకంగా అడగండి.

కింది ముందు పళ్లు ఎక్కి ఉన్నాయన్నారు కాబట్టి ముందే తెలియాల్సిన విషయం ఒకటుంది. ఇరుకుగా ఉన్న పళ్లు విడిపోయి వరసలోకి వచ్చినప్పుడు, చిగురు దగ్గర పళ్ల మధ్య నల్లని త్రికోణపు సందులు కనిపించవచ్చు. పళ్లు రెండూ తగిలే చోటి నుంచి ఎముక అంచు దాకా 5 మిల్లీమీటర్ల లోపు ఉంటే చిగురు ఆ సందును దాదాపు ఎప్పుడూ నింపుతుంది. దూరం పెరిగేకొద్దీ నింపే అవకాశం వేగంగా తగ్గుతుంది. చిగుళ్ల జబ్బు వచ్చి పోయిన నోట్లో ఆ దూరం ఎక్కువే ఉంటుంది. పళ్ల పక్కలను సన్నగా అరగదీసి దగ్గరకు తెస్తే ఈ సందులు బాగా తగ్గుతాయి. ఒక్కో చోట 0.2 నుంచి 0.5 మిల్లీమీటర్లు మాత్రమే తీస్తారు. ఇప్పటికే పుచ్చుల బాధ పడ్డారు కాబట్టి ఎనామెల్ అరగదీస్తారంటే మీ గుండె ఝల్లుమంటుందని తెలుసు. సరిగా చేసి నునుపు చేస్తే ఆ చోట పుచ్చులు పెరగవని ఏళ్ల తరబడి గమనించిన పరిశోధనలున్నాయి. అయినా ఎన్ని చోట్ల, ఎంతెంత అని ముందే అడిగి తెలుసుకోవడం మీ హక్కు.

పుచ్చుల భయం నిజంగా పెట్టుకోవాల్సింది వేరే చోట. అలైనర్ వేసుకుంటే పంటిని లాలాజలం కడగలేదు. ఆ స్థితిలో తీపి పానీయం తాగితే అది ట్రే లోపల చేరి గంటల తరబడి పంటిని నానబెడుతుంది. పుచ్చుల చరిత్ర ఉన్న నోటికి ఇంతకన్నా హాని లేదు. ట్రే నోట్లో ఉండగా మామూలు మంచినీళ్లు తప్ప ఏదీ తాగకండి. చల్లారిన టీ అయినా, చక్కెర లేని సోడా అయినా తీసేసే తాగండి. తిన్న ప్రతిసారీ బ్రష్ చేసి పెట్టుకోండి, కుదరకపోతే గట్టిగా పుక్కిలించి పెట్టుకుని తర్వాత బ్రష్ చేయండి. ఎక్కువ ఫ్లోరైడ్ ఉన్న టూత్‌పేస్ట్ మీకు అవసరమా అని అడగండి. మామూలు పేస్టుల్లో 1,450 పీపీఎం (పది లక్షల్లో 1,450 భాగాలు) దాకా ఉంటుంది, పుచ్చులు తరచూ వచ్చేవారికి డాక్టర్లు 5,000 పీపీఎంది రాస్తారు. నోరు ఎండిపోయే మందులేవైనా వాడుతుంటే అదీ చెప్పండి.

మందుల మాట వచ్చింది కాబట్టి: ఎముకలు గుల్లబారకుండా వాడే మందులు, అవి బిళ్లలైనా ఇంజెక్షన్లైనా, ఇప్పుడు మానేసినా సరే, తప్పకుండా చెప్పండి. వాటివల్ల పళ్ల కదలిక మందగించవచ్చు, పన్ను తీయాల్సి వస్తే దవడ ఎముక మానడం కష్టమవచ్చు. షుగర్ ఉంటే ముందు అదుపులోకి తెచ్చుకోండి. పొగతాగే అలవాటుంటే చిగుళ్లు సరిగా మానవు, ఇంత కష్టమూ దానికింద పోతుంది.

రోజువారీ బతుకు మీరనుకున్నంత కష్టం కాదు. రోజుకు 20 నుంచి 22 గంటలు పెట్టుకోవాలి. అంటే తినడానికీ బ్రష్‌కీ కలిపి రెండు నుంచి నాలుగు గంటలు. పన్నెండు గంటలే పెట్టుకుంటే పన్ను ముందుకు వెనక్కు ఊగిసలాడుతుంది, నొప్పి ఉంటుంది గానీ పని జరగదు. కొత్త ట్రేని రాత్రి పడుకునే ముందు వేసుకోండి, బిగుతంతా నిద్రలో గడిచిపోతుంది. మొదటి రెండు మూడు రోజులు నమిలితే పళ్లు సలుపుతాయి, 'స' 'శ' పలకడంలో నాలుక తడబడుతుంది, వారంలో సర్దుకుంటుంది. నొప్పికి పారాసిటమాల్ చాలు. ఐబుప్రోఫెన్ లాంటివి రోజూ వాడితే పంటి కదలికకు కావాల్సిన వాపు సంకేతాన్నే తగ్గించవచ్చు, అందుకని వాటిని అలవాటు చేసుకోకండి. గుండెకోసం వాడే ఆస్పిరిన్‌ను మాత్రం ఈ కారణంతో ఎప్పుడూ ఆపకండి.

ట్రే తీసేటప్పుడు ముందు పళ్ల దగ్గర పట్టి లాగకండి. వెనక దవడపళ్ల లోపలి అంచు కింద వేలి కొన పెట్టి, ముందు ఒక పక్క, తర్వాత రెండో పక్క వదులు చేసి తీయండి. వదులైన పళ్లూ క్యాప్‌లూ ఉన్న మీకు ఈ ఒక్క అలవాటు చాలా ముఖ్యం. తింటున్నప్పుడు ట్రేని కాగితంలో చుట్టి పక్కన పెట్టకండి, అలా చెత్తలో పోయినవాటికి లెక్కలేదు. డబ్బా ఎప్పుడూ వెంట ఉండాలి. వేడినీళ్లతో కడిగితే ట్రే వంగిపోతుంది, గోరువెచ్చని నీళ్లూ మెత్తని బ్రషూ చాలు. ట్రే అంచుకూ పంటికీ మధ్య ఖాళీ కనిపిస్తుంటే ఆ పన్ను వెనకబడిందన్నమాట. తేదీ వచ్చింది కదా అని తర్వాతి ట్రేకి వెళ్లకండి, ఫోటో తీసి డాక్టరుకు పంపండి. ఇప్పుడు వేసుకుంటున్నదానికి ముందుది పారేయకుండా దాచుకోండి.

పళ్లు కొంచెం కదులుతున్నట్టు అనిపిస్తుంది, వేలితో తాకితే భయమేస్తుంది. వైద్యం నడుస్తున్నప్పుడు అది సహజం. ఒకే పన్ను మిగతావాటికన్నా ఎక్కువగా ఊగితే, చిగురు ఉబ్బితే, చీము కనిపిస్తే మాత్రం అదే రోజు ఫోన్ చేయండి.

ఇంటికి కిట్ పంపి, ఎవరూ నోరు చూడకుండానే అలైనర్లు ఇచ్చే పద్ధతి గురించి కూడా అడిగారు. మీ నోటికి అది ఎంతమాత్రం తగదు. ఎక్స్‌రే, చిగుళ్ల కొలత లేకుండా మీ పళ్లను ఎవరూ కదపకూడదు. ఆ రకం కంపెనీల్లో అతి పెద్దదైన స్మైల్‌డైరెక్ట్‌క్లబ్ 2023 డిసెంబరులో మూతపడినప్పుడు, వైద్యం సగంలో ఉన్నవాళ్లు చూసే డాక్టరు లేక నడిమధ్యలో మిగిలిపోయారు.

అయ్యాక రిటైనర్ సంగతి. మీ విషయంలో అది జీవితాంతం. చిగురులోని నారలు కొత్త చోటికి అలవాటు పడడానికే దాదాపు ఏడాది పడుతుంది, ఎముక తగ్గిన పళ్లైతే ఆ తర్వాత కూడా జారడానికి సిద్ధంగా ఉంటాయి. ముందు పళ్ల వెనక సన్నని తీగ అతికించి, దానిపైన రాత్రిపూట ట్రే రిటైనర్ పెట్టుకోమని నేనైతే చెప్తాను. తీగ కింద గార పడుతుంది కాబట్టి శుభ్రం చేసే పద్ధతి ఆ రోజే నేర్పించమనండి.

భయం గురించి రాశారు కాబట్టి చివరగా అది. అలైనర్ వైద్యంలో ఎక్కువ సందర్శనలకు సూదీ ఉండదు, డ్రిల్లూ ఉండదు. చిగుళ్ల శుభ్రానికి మాత్రం మత్తు సూది కావాలి. కూర్చోగానే "నాకు భయం, చెయ్యెత్తితే ఆపండి" అని చెప్పండి. నోరంతా ఒకేసారి కాకుండా నాలుగో వంతు చొప్పున చేయమనండి. ఆ మాటకు విసుక్కునే డాక్టరైతే వేరొకరిని చూసుకోవడానికి మొహమాటపడకండి, రెండేళ్ల దాకా కలిసి నడవాల్సిన మనిషి.

ఆ క్లినిక్‌కు ఫోన్ చేసి మొదలుపెట్టడం వాయిదా వేయమని చెప్పండి. చిగుళ్ల చార్టు, మొత్తం నోటి ఎక్స్‌రే, రూట్ కెనాల్ పళ్ల చిన్న ఎక్స్‌రేలు చేయించండి. అవి చేతికొచ్చాక లోతు అంకెలూ, ఖాళీ పక్కనున్న పన్ను ఎంత ఒరిగిందన్నదీ ఇక్కడే రాయండి. ఆ పంటిని నిటారు చేయడం మేలా, ఉన్నచోటే ఉంచి ఖాళీలో బ్రిడ్జ్, అంటే పక్క పళ్ల ఆధారంతో నిలిచే కట్టుడు పన్ను, వేయించడం మేలా అన్నది అవి చూస్తే చెప్పగలను.